మసి మీద ఎర్ర గీత

లారీకీ గోడకూ మధ్య మనిషి పట్టేటంత చోటు లేదు. అయినప్పటికీ అందులో ఒక మనిషి ఉన్నాడు.

లారీ మెకానిక్ షెడ్డులోని వారందరూ భుజాలు ఆనించి లారీని మూరెడు ముందుకు నెట్టారు. అప్పుడు పెద్ద మేస్త్రీ గోడ వెంబడి మెల్లగా జారి, అలసి కూర్చున్న వానివలె నేలకు దిగాడు. ఛాతీ ఉండవలసిన చోట చొక్కా లోపలికి కుంగిపోయి ఉన్నది. అతడు జారినంత మేరా గోడ మీద ఎర్రని చార మిగిలింది.

సమయం ఉదయం పదీ నలభై.

పోలీసు జీపు వచ్చేసరికి పదకొండు దాటింది. అప్పటికి ఆ షెడ్డులో రెండవ హత్యకు ఏర్పాట్లు పూర్తి కావచ్చినవి.

చచ్చినవాని కొడుకులిద్దరూ లారీ డ్రైవరును నేలమీద వేసి కొడుతున్నారు. పెద్దవాని చేతిలో వీల్ స్పానర్. చిన్నవాడు బూటు కాలితో తన్నుతున్నాడు. కింద ఉన్నవాడు అరవడం ఎప్పుడో మానివేశాడు.

ఇన్‌స్పెక్టర్ జీపు ఆగకముందే దిగింది. స్పానర్ పైకి లేచింది. ఆమె లాఠీ అంతకంటె ముందుగా దిగింది. మణికట్టు మీద దెబ్బ పడి స్పానర్ ఖంగుమని నేల మీద మోగింది.

“ఇంకొక్క దెబ్బ పడితే వీడు పోతాడు,” అన్నది ఆమె. “అప్పుడు ఇక్కడ రెండు శవాలు, జైల్లో మీరిద్దరూ. లెక్క సరిపోయిందా?”

“మా నాన్నని చంపాడు మేడమ్!” పెద్దవాడు మణికట్టు పట్టుకుని ఏడుస్తూ అరిచాడు. “రివర్సు గేరేసి గోడకి నొక్కేశాడు! సొంత బావని!”

“గేరు వెయ్యడం నువ్వు చూశావా?”

“బండి వెనక్కి రావడం చూశాను. రివర్సు వెయ్యకుండా బండి వెనక్కెలా వస్తుంది?”

నేల మీది మనిషి కదిలాడు. దవడ విరిగి ఒక పక్కకు వేలాడుతున్నది. మాట రాలేదు. రక్తపు చేతిని కష్టం మీద ఎత్తి, ఒక వేలు చూపించాడు.

“పైనున్నవాడు చూస్తున్నాడంటున్నాడు మేడమ్,” అన్నాడు హెడ్ కానిస్టేబుల్. ముప్పయ్యేళ్ళ సర్వీసులో ప్రతి దెబ్బకూ ఒక వేదాంతం చెప్పడం ఆయనకు అలవాటు.

“పైవాణ్ణి చూపించేవాడు పైకి చూస్తాడు హెడ్డుగారూ. వీడు నన్ను చూస్తున్నాడు,” అన్నది ఇన్‌స్పెక్టర్. “ఆంబులెన్స్ ఎక్కించండి. పక్కన మనిషిని పెట్టండి. కొడుకులు కాదు, మన మనిషి.”

*

షెడ్డు వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. వెనుక ఇటుక గోడ. ముందు గేటు. గేటుకు చేరేలోపు నేల ఏటవాలుగా పైకి లేస్తుంది. లారీ ముక్కు గేటు వైపు, తోక గోడ వైపు. బానెట్ తెరచి ఉన్నది.

ఆ ఏటవాలును పెద్ద మేస్త్రీయే కట్టించాడు. పాత డీజిల్ లారీల ఇంజెక్షన్ పంపును సరిచేయడంలో ఆయన్ను మించిన చేయి ఆ చుట్టుపక్కల లేదు. ఎత్తు ఎక్కలేక మూలిగే ముసలి ఇంజన్ వచ్చిందంటే, పంపు బోల్టులు నాలుగూ వదులు చేసి, దానిని వెంట్రుకవాసి పక్కకు తిప్పి బిగించేవాడు. డీజిల్ ఒక్క క్షణం ముందుగా చిమ్మేది. ఇంజన్‌కు పోయిన ప్రాణం తిరిగి వచ్చేది. బిగించిన తరువాత, బోల్టు తల మీదుగా పంపు ఒంటి మీదికి ఎర్ర పెయింటుతో ఒక సన్నని గీత గీసేవాడు. బోల్టు కదిలితే గీత తెగుతుంది. ఎర్ర గీత లేని పంపు ఆ గేటు దాటదని ఆయన శాసనం.

ఆ తరువాత పరీక్ష. డ్రైవరు ఫస్ట్ గేరులో ఏటవాలు ఎక్కిస్తాడు. మేస్త్రీ సైలెన్సర్ గొట్టం మూతి దగ్గర తన తెల్ల తుండుగుడ్డ పట్టుకుని వెనుకనే నడుస్తాడు. గుడ్డకు పట్టిన మసిని చూసి టైమింగ్ ఎంత కుదిరిందో చెబుతాడు. పాతికేళ్ళుగా అదే పద్ధతి.

ఇదంతా చెప్పినవాడు చచ్చినవాని తమ్ముడు. షెడ్డులో అందరూ చిన్న మేస్త్రీ అంటారు. నలభై దాటిన మనిషి, మెత్తని గొంతు. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు కొక్కేల మాదిరిగా వంగి ఉన్నవి. కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

“జరిగినప్పుడు మీరెక్కడ?” ఇన్‌స్పెక్టర్ అడిగింది.

“బానెట్ దగ్గరమ్మా.”

“మీ అన్న?”

“బండి వెనకాల. గొట్టం దగ్గర, ఎప్పుడూ ఉండేచోటే.”

“ఇంజన్ ఎవరు ఆపారు?”

“నేనే. పంపు పక్కన ఆపే లివర్ ఉంటుంది, లాగేశాను.”

“తోయాలంటే గేరు న్యూట్రల్లో ఉండాలి. అది?”

“అదీ నేనే. క్యాబిన్‌లోకి చెయ్యి పెట్టి తీశాను.”

“తీసినప్పుడు ఏ గేరులో ఉంది?”

చిన్న మేస్త్రీ తల దించుకున్నాడు. “ఏం చెప్పమంటారమ్మా? వాడు మా వదిన తమ్ముడు. చిన్నప్పట్నుంచీ మా ఇంట్లో తిని పెరిగినవాడు.”

“ఏ గేరు?”

“రివర్సు.”

“ఇద్దరికీ గొడవలున్నాయా?”

“పొద్దున్నే అయింది. ఈ ముసలి ఇంజన్‌కి టైమింగ్ పెంచకు బావా, పిస్టన్ పగులుతుంది అన్నాడు. అంతే, అన్న స్పానర్ తీసుకుని మూతి మీద కొట్టాడు. వాడు కొళాయి దగ్గర రక్తం కడుక్కుంటూ, దీనికి బదులు తీర్చుకుంటా అన్నాడు. షెడ్డంతా విన్నది.”

“మీ అన్న కోపిష్ఠా?”

“అన్న కాదమ్మా, దేవుడు,” అన్నాడు చిన్న మేస్త్రీ. వంకర వేళ్ళను గుడ్డలో దాచుకున్నాడు.

హెడ్ కానిస్టేబుల్ ఇన్‌స్పెక్టర్ చెవి దగ్గర గొణిగాడు. “కొట్టినవాడు చచ్చాడు, తిన్నవాడు దొరికాడు, సాక్షి చేతిలో ఉన్నాడు. వడ్డించిన విస్తరి మేడమ్.”

“అందుకే భయం,” అన్నది ఆమె. “మనకు ఎవరు వడ్డించారో తెలియదు కదా.”

షెడ్డును ఆనుకునే ఇల్లు. గడపలో మేస్త్రీ భార్య కూర్చుని ఉన్నది. చీర కుచ్చిళ్ళ నిండా భర్త రక్తం. ఏడవడం లేదు. ఇన్‌స్పెక్టర్‌ను చూసి లేవబోయింది.

“కూర్చోండమ్మా.”

“ఒక్క మాట చెప్పు తల్లీ. మా తమ్ముడే చేశాడా?”

“ఇప్పుడే చెప్పలేను.”

“చెప్పాలి. వాడు చేసుంటే వాడి మొహం చూడను. చెయ్యకపోతే, నా కొడుకులు చేసిందానికి వాడి కాళ్ళ మీద పడాలి. రెండిట్లో ఏదో తెలియకపోతే నేనెవరి కోసం ఏడవాలి?”

ఇన్‌స్పెక్టర్ హెడ్ కానిస్టేబుల్‌కు సైగ చేసింది. కాగితపు సంచిలో ఉన్న మృతుని వస్తువులు ఆమె ముందు పెట్టించి, గుర్తుపట్టమన్నది. తాళాల గుత్తి. అగ్గిపెట్టె. విరిగిన కళ్ళజోడు.

ఆమె ఒక్కొక్కటే ముట్టుకున్నది. ఆ తరువాత సంచిలోకి తొంగి చూసింది.

“ఆయన తుండు ఏది?”

“తుండా?”

“తెల్లది. పొద్దున నేనే ఉతికింది ఇచ్చాను. పది దాటాక భోజనానికి వచ్చి, మళ్ళీ బండి దగ్గరికి పోతూ భుజాన వేసుకెళ్ళాడు. ఒళ్ళో తల పెట్టుకుని పిలుస్తుంటే నోట్లో రక్తం తుడుద్దామని వెతికాను. లేదు. నా కొంగుతోనే తుడిచాను.”

“అప్పుడు మీ దగ్గర ఎవరున్నారు?”

“ఎవరున్నారు? కొడుకులు వాణ్ణి చావబాదుతున్నారు. పనివాళ్ళు చోద్యం చూస్తున్నారు.”

“మీ మరిది?”

ఆమె ఆలోచించింది. “రాలేదు,” అన్నది. ఆ మాట తన నోటి నుంచే కొత్తగా విన్నట్టు ఆశ్చర్యపోయింది. “అన్న చచ్చిపోతుంటే దగ్గరికి రాలేదు.”

*

డ్రైవరు దవడను తీగలతో కట్టారు. ఎడమ కన్ను మూసుకుపోయింది. పక్కటెముకలు మూడు విరిగినవి. మాట్లాడలేడు. ప్రశ్నలు ఆమెవి, జవాబులు అతని చేతులవి.

“రివర్సు వేశావా?”

తల అడ్డంగా ఊపాడు. ఒక వేలు ఎత్తాడు.

“ఫస్ట్ గేరా?”

అవును.

హెడ్ కానిస్టేబుల్ నుదురు కొట్టుకున్నాడు. “ఫస్ట్ వేస్తే బండి వెనక్కి పోతుందా అబ్బాయ్? నేను ఎడ్లబండి తోలిన వంశంలో పుట్టినవాణ్ణే, అయినా ఆ మాత్రం తెలుసు!”

“ఆగండి,” అన్నది ఇన్‌స్పెక్టర్. ఉద్యోగంలో తొలి ఆరేళ్ళు ఆమె పోలీసు మోటారు విభాగంలో పనిచేసింది. అధికారులు శిక్షగా వేసిన ఆ పనిని ఆమె చదువుగా మార్చుకున్నది. “స్టార్టు చేసినప్పుడు ఏమైనా తేడాగా ఉందా?”

డ్రైవరు అరచేతిని గుండ్రంగా, బహు నెమ్మదిగా తిప్పాడు.

“స్టార్టర్ నీరసంగా తిరిగింది?”

అవును. ఆ తరువాత అరచేతిని మంచం మీద బోర్లించాడు. లేపబోయి, లేపకుండా వదిలివేశాడు.

“ఆయిల్ ప్రెషర్ ముల్లు లేవలేదు?”

అవును. అవును. ఇప్పుడు అతని మంచి కన్ను వెలిగింది. చేతిని ముందుకు చాచి, పిడికిలి తెరచి, వేళ్ళన్నీ పైకి ఎగజిమ్మాడు.

“పొగ. ముందు నుంచి. బానెట్‌లో నుంచి?”

అవును.

ఇన్‌స్పెక్టర్ కుర్చీని మంచం దగ్గరకు జరుపుకున్నది.

“ఇన్ని తేడాలు చూసీ క్లచ్ ఎందుకు వదిలావు?”

డ్రైవరు మంచపు ఇనుప ఊచ మీద అరచేత్తో రెండుసార్లు కొట్టాడు. ఠప్. ఠప్.

“ఎవరో క్యాబిన్ తలుపు తట్టారు. పోనివ్వమని.”

అవును.

“ఎవరు?”

కుడిచెయ్యి ఎత్తాడు. చూపుడువేలు, మధ్యవేలు కొక్కేల్లా వంచాడు.

“ఇంజన్‌ను కూడా ఆయనే ఆపాడా?”

కాదు. పిడికిలి బిగించి, దానంతట అదే వాలిపోయినట్టు మంచం మీద పడవేశాడు.

“దానంతటదే ఆగిపోయిందా?”

అవును.

వరండాలోకి వచ్చిన తరువాత హెడ్ కానిస్టేబుల్ అడిగాడు. “తలుపు తట్టడం నేరమా మేడమ్?”

“కాదు,” అన్నది ఆమె. “ఇంకా కాదు.”

*

ఆ మధ్యాహ్నం షెడ్డులో కాపలా కానిస్టేబులు తప్ప ఎవరూ లేరు. శవంతో పాటు అందరూ ఆసుపత్రి వద్దనే ఉన్నారు.

ఇన్‌స్పెక్టర్ లారీ వెనుక మోకాళ్ళ మీద కూర్చుని, సైలెన్సర్ గొట్టంలోకి చేయి దూర్చింది. మోచేతి దాకా పోయిన తరువాత వేళ్ళకు మెత్తగా తగిలింది.

లాగింది. తెల్ల తుండు బయటకు వచ్చింది. గొట్టం గోడలకు రాసుకున్న అంచులు మాత్రమే నల్లబడినవి. మడత విప్పితే, నడుమ మల్లెపూవులా ఉన్నది.

“ఎవరో కుక్కారు,” అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

“మనిషి నలిగిపోతుంటే వచ్చి తుండు కుక్కిందెవరు? ఎందుకు?”

ఆయన వద్ద వేదాంతం అయిపోయింది.

ఆమె బానెట్ వైపు నడిచింది. ఇంజన్ పీల్చే గాలిని వడకట్టే ఎయిర్ ఫిల్టర్ డబ్బాను బయట ఎవరో శుభ్రంగా తుడిచారు. మూత విప్పింది. దుమ్ము పట్టడానికి అడుగున ఉండవలసిన నూనె లేదు. అది డబ్బా లోపలి గోడలంతటా చిమ్మి ఉన్నది. చేతికి చిక్కని మసి అంటుకున్నది.

దానికి సరిగ్గా కింద ఇంజెక్షన్ పంపు. దాని మీద, దాని పైపుల మీద, కొత్త మసి పొరలా పరుచుకుని ఉన్నది. నాలుగు బోల్టుల తలలు మాత్రం మెరుస్తున్నవి. ప్రతి బోల్టు మీద నుంచి పంపు ఒంటి మీదికి దిగిన ఎర్ర గీత, స్పష్టంగా, నిటారుగా.

ఆమె జేబులో నుంచి చిన్న కత్తి తీసింది. పంపు ఒంటి మీద గీత చివరను మొనతో లేపింది. ఎర్రని పెచ్చు ఊడి అరచేతిలో పడింది. దానిని తిరగవేసి చూసింది.

ఒక కాగితంలో మడిచి జేబులో పెట్టుకున్నది.

“రేపు పది గంటలకు అందరినీ ఇక్కడికి రప్పించండి,” అన్నది. “మన మోటారు విభాగం నుంచి ఒక ఫిట్టర్ను ఇప్పుడే పిలవండి. పంపు టైమింగ్ ఎంత ఉందో కొలవాలి. ఫోటోలు తీయకుండా ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దు.”

*

మరునాడు అందరూ వచ్చారు. కొడుకులిద్దరూ గోడ పక్కన, ఎర్రని చార వైపు చూడకుండా నిలబడ్డారు. వారి తల్లి ఒక పాత సీటు మీద కూర్చున్నది. చిన్న మేస్త్రీ బల్లకు ఆనుకుని నిలుచున్నాడు.

“ఒకటే ప్రశ్న,” అన్నది ఇన్‌స్పెక్టర్ ఆయనతో. “పంపు ఇప్పుడు సరైన చోటే ఉందా?”

“అన్న పొద్దున పెట్టిన చోటే ఉంది.”

“ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు మీరు ముట్టుకున్నారా?”

“అన్న గీత గీశాక ముట్టుకునే ధైర్యం ఈ షెడ్డులో ఎవరికుంది?”

“ఆయన పోయాక?”

“నాకు పంపు గుర్తుంటుందా అమ్మా? అన్న పోయాడు!”

“మంచిది. అలాగైతే ఒక సాయం చేయండి. మీ అన్న పెద్దకొడుకు బండి స్టార్టు చేస్తాడు. ఫస్ట్ గేరు వేస్తాడు. మీరు మీ అన్న నిలబడ్డ చోట నిలబడండి.”

చిన్న మేస్త్రీ కదలలేదు.

“ఎందుకు వెనకాడుతున్నారు? పంపు సరైన చోటే ఉందన్నారు. ఫస్ట్ గేరు వేస్తే బండి ముందుకే వెళ్తుంది కదా?”

“అన్న చచ్చిన చోటు. నిలబడలేను.”

“నిలబడవద్దు లెండి. మీ అన్న కొడుకులకు నేనే చెబుతాను.” ఆమె కొడుకుల వైపు తిరిగింది. “డీజిల్ ఇంజన్లో పిస్టన్ పైకి వచ్చి గాలిని నొక్కుతుంది. నొక్కితే గాలి నిప్పు పుట్టేటంత వేడెక్కుతుంది. అందులోకి పంపు డీజిల్ చిమ్ముతుంది. పిస్టన్ పైకి చేరడానికి కాస్త ముందు చిమ్మితే బలం. మీ నాన్న చేసేది అదే. మరీ ముందు చిమ్మితే ఏమవుతుంది?”

పెద్దవాడు అయిష్టంగా అన్నాడు. “ఎదురు తంతుంది. ఇంకా పైకి వస్తున్న పిస్టన్‌ని మంట కిందికి తోసేస్తుంది.”

“స్టార్టర్ బలంగా తిప్పితే దాన్ని దాటుకుంటుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే?”

వాడు లారీ బ్యాటరీ పెట్టె వైపు తిరిగాడు. మెకానిక్కు ఇంట పుట్టినవాడు, అర్థమైపోయింది.

“చెప్పు.”

“ఇంజన్ వెనక్కి తిరుగుతుంది.”

“తిరిగి?”

“ఇంత పాత పంపు అయితే... అటు తిరిగినా డీజిల్ చిమ్ముతుంది. ఆగదు. వెనక్కే నడుస్తుంది.”

“ఇంజన్ వెనక్కి నడిస్తే, ఫస్ట్ గేరు వేసిన బండి ఎటు పోతుంది?”

పెద్దవాని చూపు తన చేతుల మీద వాలింది. నిన్న స్పానర్ పట్టుకున్న చేతులు.

“మావయ్య...” అన్నాడు చిన్నవాడు.

“ఫస్ట్ గేరే వేశాడు. దవడ వేలాడుతుంటే ఒక వేలెత్తి చెప్పాడు. నేనూ అప్పుడు పట్టుకోలేకపోయాను.” ఆమె సంచిలో నుంచి తుండు తీసి పైకి పట్టింది. తల్లి కూర్చున్న వైపు నుంచి చిన్న మూలుగు వినిపించింది. “ఇది సైలెన్సర్ గొట్టంలో మోచేతి లోతున దొరికింది. నడుమ ఇంత తెల్లగా ఉంది. సవ్యంగా నడిచే ఇంజన్ గొట్టంలో నుంచి పొగ ఊదుతుంది, గుడ్డను మింగదు. వెనక్కి నడిచే ఇంజన్ గొట్టంలో నుంచి గాలి పీలుస్తుంది, పొగను ఎయిర్ ఫిల్టర్ నుంచి కక్కుతుంది. మీ నాన్న గుడ్డ పెట్టాడు. పొగ రాలేదు. ఎందుకు రాలేదా అని వంగి ఉంటాడు. గొట్టం గుడ్డను లాక్కున్నది. అదే క్షణాన ఎవరో క్యాబిన్ తలుపు రెండుసార్లు తట్టారు. బండి ఆయన మీదికి వచ్చింది. గొట్టానికి గుడ్డ అడ్డం పడి, గాలి అందక ఇంజన్ దానంతటదే ఆగింది. ఎవరూ ఏ లివరూ లాగలేదు.”

“అన్నే పంపు ఎక్కువ తిప్పి ఉంటాడు,” అన్నాడు చిన్న మేస్త్రీ. గొంతు ఇప్పటికీ మెత్తగానే ఉన్నది. “వాడు వద్దంటున్నా పెంచాడు. మనిషన్నాక పొరపాటు.”

“అదే నిజమైతే పంపు ఇప్పటికీ ఎక్కువ తిరిగే ఉండాలి. నిన్న కొలిపించాను. టైమింగ్ సరిగానే ఉంది. ఎదురు తన్నే చోట లేదు. మీరూ ఇప్పుడే అన్నారు, అన్న పెట్టిన చోటే ఉందని.”

అతడు బల్ల అంచును పట్టుకున్నాడు.

“ఆయన అన్నం తినే వేళలో మీరు పంపును బాగా ముందుకు తిప్పారు. నీరసపు బ్యాటరీ బిగించారు. బానెట్ దగ్గర నిలబడ్డారు. ఇంజన్ మామూలుగా అంటుకుంటే ఏమీ లేదు, ఇంకోరోజు చూసుకోవచ్చు. ఫిల్టర్ నుంచి నల్లపొగ లేచింది. కాబట్టి తలుపు తట్టారు. కర్ర విరగలేదు, పాము చచ్చింది. కర్రను పట్టుకున్నవాడి మీద కేసు పడింది. అందరూ అటు కొట్టుకుంటుంటే మీరు పంపును మళ్ళీ వెనక్కి తిప్పారు. బ్యాటరీ మార్చడానికి తీరిక దొరకలేదు. అది బండిలోనే ఉంది.”

“ఊహ. అంతా ఊహ.”

“కావచ్చు. పంపును సరిచేసి అలాగే వదిలేసి ఉంటే, ఊహగానే మిగిలిపోయేది.” ఆమె ఒక గాజుపలకను బల్ల మీద పెట్టింది. దాని మీద ఎర్ర పెచ్చు, గోరంత. “బోల్టుకు గీత ఉందో లేదో ఏ పోలీసు చూస్తాడు? కానీ మీరు చిన్నప్పటి నుంచి ఈ షెడ్డులో పెరిగారు. గీత లేని పంపును వదిలి మీ చెయ్యి పక్కకు రాలేదు. బోల్టులు తుడిచి, పెయింటు తెచ్చి, గీత గీశారు. ఇది ఆ గీత ముక్క. కింది వైపు చూడండి. నల్లగా ఉన్నది మసి. ఎయిర్ ఫిల్టర్ కక్కిన మసి పంపు మీద పడింది. ఆ మసి మీద ఎర్ర గీత పడింది.”

ఆమె అతని ఎదుటికి వచ్చి నిలిచింది.

“మీ అన్న ప్రాణం పోయిన నిమిషంలోనే ఆ మసి పడింది. గీత దాని తరువాత పడింది. చచ్చిపోయినవాడు వచ్చి గీశాడా?”

బల్ల మీది బరువైన పానా అతని చేతిలోకి ఎప్పుడు వచ్చినదో ఎవరూ చూడలేదు. గురి ఆమె తల. ఇన్‌స్పెక్టర్ చేయి అడ్డం పెట్టింది. ముంజేతి ఎముక విరిగిన చప్పుడు షెడ్డు చివరి దాకా వినిపించింది. రెండవ దెబ్బ హెడ్ కానిస్టేబుల్ భుజం మీద పడింది. ముప్పయ్యేళ్ళ సర్వీసు ఊరికే పోలేదు. ఆ పెద్దమనిషి పడిపోతూ కూడా అతని నడుము వదలలేదు. ఇద్దరూ కలిసి నూనె మరకల మీద కూలారు.

అంతలో కొడుకులు దూకారు. పెద్దవాడు బాబాయి జుట్టు పట్టి తలను నేలకు కొట్టాడు. ఒకటి. రెండు. చిన్నవాడు నేల మీది పానా అందుకున్నాడు.

“ఆపండ్రా!”

తల్లి లేచి నిలబడి ఉన్నది.

“నిన్న కూడా ఇలాగే కొట్టారు,” అన్నది ఆమె. “నిజం తెలియకుండా కొట్టారు. ఇవాళ తెలిసి కొడుతున్నారు. అంతేగా తేడా? కొట్టడమే నేర్చుకున్నారు మీ నాన్న దగ్గర. కింద పెట్టు.”

పానా నేల మీద పడింది.

చిన్న మేస్త్రీ బోర్లా పడి, ముక్కు నుంచి రక్తం కారుతుండగా నవ్వాడు. వంకర వేళ్ళను పైకెత్తాడు.

“చూశావా వదినా? పదహారేళ్ళప్పుడు. టైమింగ్ చక్రం ఒక్క పన్ను తప్పానని ఈ వేళ్ళని వైస్ ఇనుప దవడల మధ్య పెట్టి బిగించాడు. నువ్వు కొత్తగా కాపురానికొచ్చావు. కట్టు కట్టింది నువ్వే. ఆ తర్వాత కూడా కొట్టని రోజు లేదు. ఈ నెలలో అయితే పంపు పని నీ తమ్ముడికి అప్పగిస్తానన్నాడు. వంకర చెయ్యి వంకరగానే బిగిస్తుందట. వంచినవాడే అన్నాడు ఆ మాట!”

ఆమె అతని పక్కన కూర్చున్నది. ఒకప్పుడు తాను కట్టు కట్టిన ఆ చేతిని చూసింది. కాని ముట్టుకోలేదు.

“ఆయన నీకు చేసింది నాకు తెలుసు. నా తమ్ముడేం చేశాడు నీకు?”

చిన్న మేస్త్రీ కళ్ళు తిప్పుకున్నాడు.

“స్టీరింగ్ ముందు ఎవడో ఒకడు కూర్చోవాలి కదా వదినా.”

బేడీలు పడినవి.

*

ఆసుపత్రి గుమ్మం దగ్గర కొడుకులిద్దరూ ఆగిపోయారు. లోపలికి వచ్చే ముఖం లేదు. తల్లి రమ్మనలేదు, పొమ్మనలేదు.

ఇన్‌స్పెక్టర్ కట్టు కట్టిన చేతితో వరండాలో నిలబడింది. మంచం పక్కనున్న కాపలా కానిస్టేబులును సైగ చేసి బయటకు పిలిచింది. ఇక అతనికి అక్కడ పని లేదు.

డ్రైవరు కళ్ళు మూసుకుని ఉన్నాడు. అడుగుల చప్పుడు విని, మంచి కన్ను తెరిచాడు. అక్కను చూశాడు. ఆమె నుదురు చూశాడు. ఆ కన్ను నిండిపోయింది.

తీగలు కట్టిన దవడ కదలలేదు. చేయి మాత్రం లేచింది. ఒక వేలు. రెండు రోజులుగా వచ్చిన ప్రతి మనిషికీ చూపిన వేలు. డాక్టరుకు, నర్సుకు, నేల తుడిచే మనిషికి కూడా.

అక్క ఆ వేలును తన పిడికిలిలోకి తీసుకుని, మెల్లగా మంచం మీదికి దించింది.

“తెలుసురా,” అన్నది. “ఫస్ట్ గేరే వేశావు. ఇంక చెయ్యి దించు.”

అప్పుడు ఆమె ఏడ్చింది.